బహుళ పుంజాల ఉపగ్రహ ఆంటెన్నాలు: పౌనఃపున్యాల పునర్వినియోగం

ఈ భాగం చదివిన తరువాత మీరు, ఒక ఉపగ్రహం తనకు కేటాయించిన పౌనఃపున్య పట్టీని అనేకసార్లు ఎలా వాడుకుంటుందో వివరించగలుగుతారు. నాలుగు రంగుల పథకంలో ఒక్కో పుంజానికి ఎంత పట్టీ దక్కుతుందో లెక్కగట్టగలుగుతారు. ఈ పునర్వినియోగానికి హద్దు ఎక్కడ, ఎందుకు వస్తుందో చెప్పగలుగుతారు. డెసిబెల్, ఆంటెన్నా గెయిన్, భూస్థిర కక్ష్య అనే భావనలు మీకు తెలిసి ఉండాలి. కాగితం, కాలిక్యులేటరు దగ్గర పెట్టుకుని చదవండి. లెక్కలు పెద్దవి కావు గాని, చేసి చూస్తే తప్ప ఈ విషయం పట్టుబడదు.

7.1 సమస్య ఏమిటి?

హైదరాబాదులో రేడియోను 98.3 మెగాహెర్ట్జ్ దగ్గర పెడితే ఒక ఎఫ్.ఎం. కేంద్రం వినిపిస్తుంది. విశాఖపట్నంలో అదే 98.3 దగ్గర పెట్టినా ఒక కేంద్రం వినిపిస్తుంది. రెండు ప్రసారాలూ ఒకే సమయంలో, ఒకే పౌనఃపున్యంపై సాగుతున్నా ఒకదానిలోకి మరొకటి చొరబడదు. కారణం తేలికే. ఎఫ్.ఎం. ప్రసారం కొన్ని పదుల కిలోమీటర్లు దాటేసరికి నీరసించిపోతుంది. ఈ రెండు నగరాల మధ్య దూరం వందల కిలోమీటర్లు. ఆ దూరమే రెండింటి మధ్య గోడ. మీ చేతిలోని సెల్‌ఫోను కూడా ఈ గోడను నమ్ముకునే పనిచేస్తోంది.

ఇప్పుడు ఉపగ్రహం సంగతి చూడండి. భూస్థిర కక్ష్య భూమధ్యరేఖకు పైన 35,786 కి.మీ. ఎత్తున ఉంది. అక్కడి నుంచి చూస్తే భూగోళమంతా దాదాపు 17.4 డిగ్రీల కోణంలో ఇమిడిపోతుంది. అంత ఎత్తు నుంచి హైదరాబాదు ఎంత దూరమో విశాఖపట్నమూ సుమారుగా అంతే దూరం. తేడా నూటికి ఒక వంతు కూడా ఉండదు. విశాలమైన ఒకే పుంజంతో ప్రసారం చేస్తే, హైదరాబాదులో అందిన సంకేతం విశాఖలోనూ దాదాపు అంతే బలంగా అందుతుంది. దూరం అనే గోడ ఇక్కడ లేదు. ఉపగ్రహం విషయంలో ఆ గోడను ఆంటెన్నాయే కట్టాలి: ఒక దిక్కుకు బలంగా పంపి, పక్క దిక్కుకు వీలైనంత తక్కువ పంపాలి. ఈ భాగమంతా ఆ గోడ గురించే. అది ఎంత ఎత్తు ఉండగలదు, ఎక్కడ దానికి పగుళ్ళు ఉంటాయి అన్నదే మన ప్రశ్న.

7.2 ఐదు వందల మెగాహెర్ట్జ్‌తో ఎంతకాలం?

ఉపగ్రహ సమాచార వ్యవస్థలు మొదట ఎక్కువగా వాడింది సి-బ్యాండు. భూమి నుంచి పైకి 6 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో 500 మెగాహెర్ట్జ్, పైనుంచి కిందికి 4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో మరో 500 మెగాహెర్ట్జ్. ఈ 500ను 40 మెగాహెర్ట్జ్ చొప్పున విడగొడితే 12 ట్రాన్స్‌పాండర్లు పడతాయి; మిగిలిన కొద్ది చోటు అంచులకు పోతుంది. ఒక్కో ట్రాన్స్‌పాండరు 36 మెగాహెర్ట్జ్ వాడుకుని, పక్కదానికి తగలకుండా 4 మెగాహెర్ట్జ్ ఖాళీ వదులుతుంది. 1971లో సేవలోకి వచ్చిన ఇంటెల్‌శాట్-4 తరగతి ఉపగ్రహాలు 12 ట్రాన్స్‌పాండర్లతోనే వెళ్ళాయి.

ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచవచ్చు, సౌరఫలకాలు పెద్దవి చేయవచ్చు, బరువైన ఉపగ్రహాన్ని మోసే రాకెట్టు తయారుచేయవచ్చు. కాని 500 మెగాహెర్ట్జ్‌ను 600 చేయడం ఇంజనీరు చేతిలో లేదు. అది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ద్వారా దేశాల మధ్య కుదిరిన పంపకం. ఆ పట్టీకి ఇరుపక్కలా వేరే సేవలు కాపురం ఉంటున్నాయి. కాబట్టి మిగిలిన దారి ఒక్కటే: ఉన్న 500నే రెండోసారి వాడుకోవడం.

ఆ పని 1975లో రెండు రకాలుగా జరిగింది. ఆ ఏడాది సెప్టెంబరులో వెళ్ళిన మొదటి ఇంటెల్‌శాట్-4ఏ ఉపగ్రహం అట్లాంటిక్ సముద్రానికి అటు అమెరికా ఖండాల వైపు ఒక పుంజాన్ని, ఇటు ఐరోపా, ఆఫ్రికాల వైపు ఇంకో పుంజాన్ని పంపి, రెండింటిలోనూ ఒకే పౌనఃపున్యాలను వాడింది. మధ్యలో సముద్రం ఉంది. అక్కడ వినేవారు దాదాపు లేరు. దాంతో ట్రాన్స్‌పాండర్ల సంఖ్య 12 నుంచి 20కి పెరిగింది. దీన్ని స్థల విభజన ద్వారా పునర్వినియోగం అంటారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా నుంచి వెళ్ళిన ఆర్‌సీఏ శాట్‌కామ్-1 ఒకే ప్రదేశంపై, ఒకే పట్టీని నిలువు ధ్రువణంలో ఒకసారి, అడ్డ ధ్రువణంలో మరొకసారి వాడి 24 ట్రాన్స్‌పాండర్లు నడిపింది. ఇది ధ్రువణ విభజన ద్వారా పునర్వినియోగం. 1980 డిసెంబరులో మొదలైన ఇంటెల్‌శాట్-5 శ్రేణి ఈ రెంటినీ కలిపి సి-బ్యాండును నాలుగుసార్లు వాడుకుంది. తరువాత వచ్చిన వందల పుంజాల ఉపగ్రహాలు కూడా ఈ రెండు ఉపాయాలనే విస్తరించాయి, మూడోది కనిపెట్టలేదు.

ధ్రువణం గురించి ఒక్క మాట. తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఏ దిశలో కంపిస్తుందో అదే దాని ధ్రువణం అని భౌతికశాస్త్రంలో చదివారు. నిలువు ధ్రువణానికి అమర్చిన ఫీడ్, అడ్డ ధ్రువణంలో వచ్చిన తరంగాన్ని ఆదర్శ స్థితిలో అసలు తీసుకోదు. వాస్తవంలో కొద్దిగా తీసుకుంటుంది. మంచి ఆంటెన్నాలో అది 30 డెసిబెల్‌లు తక్కువగా, అంటే వెయ్యో వంతుగా ఉంటుంది. అయితే జోరువానలో ఈ లెక్క చెడుతుంది. పడుతున్న వానచినుకు గుండ్రంగా ఉండదు, గాలి ఒత్తిడికి కింద చదునుగా నొక్కుకుపోతుంది. ఆ చదును చినుకుల గుండా వచ్చిన తరంగపు ధ్రువణం కొద్దిగా మెలితిరుగుతుంది. నిలువులో పంపినది కొంత అడ్డంలోకి కారిపోతుంది. వానలో సంకేతం బలహీనపడటం అందరికీ తెలిసిన సంగతే. దానికి తోడు రెండు ధ్రువణాల మధ్య గోడ కూడా పల్చబడుతుందన్నది మీరు మరచిపోకూడని సంగతి.

7.3 సన్నని పుంజం కావాలంటే

ఒక పరావర్తక ఆంటెన్నా పుంజపు వెడల్పును సుమారుగా ఇలా లెక్కగడతాం: తరంగదైర్ఘ్యాన్ని పరావర్తకం వ్యాసంతో భాగించి 70తో గుణిస్తే, సంకేత శక్తి సగానికి (అంటే 3 డెసిబెల్‌లు) తగ్గే రెండు అంచుల మధ్య కోణం డిగ్రీలలో వస్తుంది.

ఉపగ్రహంపై 2.5 మీటర్ల వ్యాసం గల పరావర్తకం ఉందనుకోండి. సి-బ్యాండులో, 4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 7.5 సెం.మీ. పుంజం వెడల్పు 70 × 0.075 ÷ 2.5 = 2.1 డిగ్రీలు. భూమి మీద, ఉపగ్రహానికి నేరుగా కింద, అది దాదాపు 1,310 కి.మీ. వ్యాసం గల వలయం. అదే పళ్ళెంతో కేఏ-బ్యాండులో, 20 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 1.5 సెం.మీ. పుంజం 0.42 డిగ్రీలు. నేల మీద దాదాపు 260 కి.మీ. మొదటిది దక్షిణ భారతమంత. రెండోది రెండు మూడు జిల్లాలంత. పుంజాలు ఎక్కువగా ఉన్న ఉపగ్రహాలు కేయూ, కేఏ బ్యాండుల్లో ఎందుకు ఉంటాయో ఈ లెక్కే చెబుతుంది. భూమధ్యరేఖకు దూరంగా పోయేకొద్దీ పుంజం నేలను ఏటవాలుగా తాకుతుంది కాబట్టి, వలయం సాగి కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. ప్రస్తుత లెక్కలో దాన్ని వదిలేద్దాం.

సన్నని పుంజం వల్ల ఇంకొక లాభం ఉంది. పుంజం వెడల్పు సగమైతే అది కప్పే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది; అదే శక్తి నాలుగో వంతు చోటులో పడుతుంది కాబట్టి గెయిన్ నాలుగు రెట్లు, అంటే 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. వాడుకరి ఇంటి మీద చిన్న పళ్ళెం చాలుతుంది. ఈ విషయం 7.5లో మళ్ళీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

7.4 నాలుగు రంగుల పథకం

దేశపటం మీద ఒకదాని పక్కన ఒకటి వలయాలు గీయండి, తేనెపట్టు గదుల్లాగా. ఒక్కో వలయం ఒక పుంజం. పక్కపక్క పుంజాలు అంచుల దగ్గర ఒకదానిపై ఒకటి పడతాయి. పడకపోతే మధ్యలో సేవ అందని చోట్లు మిగులుతాయి. కాబట్టి పక్క పుంజానికి అదే పౌనఃపున్యం, అదే ధ్రువణం ఇవ్వలేం. ఏ పుంజానికి ఏ పౌనఃపున్యం, ఏ ధ్రువణం అనే జతను ఇంజనీర్లు 'రంగు' అంటారు. ఇది పటం మీద గుర్తుకోసం వేసుకున్న రంగే తప్ప కాంతి రంగు కాదు.

సాధారణంగా వాడేది నాలుగు రంగుల పథకం. ఉన్న పట్టీని రెండు సగాలు చేస్తారు. ప్రతి సగాన్నీ రెండు ధ్రువణాల్లో వాడతారు. రెండు రెళ్ళు నాలుగు రంగులు. 500 మెగాహెర్ట్జ్ ఉంటే ఒక్కో పుంజానికి 250 మెగాహెర్ట్జ్ వస్తుంది. 40 పుంజాలు ఉన్న ఒక ఊహా ఉపగ్రహాన్ని తీసుకుందాం. మొత్తం 40 × 250 = 10,000 మెగాహెర్ట్జ్. అంటే కేటాయించిన 500ను 20 సార్లు వాడుకున్నట్టు. ఈ 20ని పునర్వినియోగ గుణకం అంటాం.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఏ దేశపటాన్నైనా సరిహద్దు పంచుకున్న రెండు ప్రాంతాలకు ఒకే రంగు రాకుండా నాలుగు రంగులతో నింపవచ్చునని గణితంలో ఒక ప్రసిద్ధ సిద్ధాంతం ఉంది. 1976లో కంప్యూటరు సాయంతో దాన్ని నిరూపించారు. ఉపగ్రహాల నాలుగు రంగులు ఆ సిద్ధాంతం నుంచి వచ్చాయని చాలామంది అనుకుంటారు. కాదు. తేనెపట్టు అమరికకు మూడు రంగులే చాలు. మరి నాలుగు ఎందుకు? ధ్రువణాలు రెండే ఉన్నాయి కాబట్టి. రెండు సగాలను రెండు ధ్రువణాలతో కలిపితే సహజంగా వచ్చేది నాలుగు కాబట్టి.

పోల్చి చూడండి. ఒకే ధ్రువణంతో మూడు రంగులు చేస్తే ఒక్కో పుంజానికి 500 ÷ 3, అంటే సుమారు 167 మెగాహెర్ట్జ్. నాలుగు రంగుల్లో 250. అంతేకాదు, ఒకే రంగు గల రెండు పుంజాల మధ్య దూరం కూడా చూడాలి. పక్కపక్క పుంజాల కేంద్రాల మధ్య ఎడాన్ని ఒక అడుగు అనుకుంటే, తేనెపట్టు అమరికలో ఒకే రంగు పుంజాల మధ్య దూరం రంగుల సంఖ్యకు వర్గమూలం అంత. మూడు రంగులకు 1.73 అడుగులు, నాలుగు రంగులకు 2 అడుగులు, ఏడు రంగులకు 2.65 అడుగులు. నాలుగు రంగుల పథకంలో పట్టీ ఎక్కువ, దూరమూ ఎక్కువ. ఇలా రెండు వైపులా లాభం కనబడినప్పుడు ఖర్చు ఎక్కడో దాగి ఉందని అనుమానించాలి. ఇక్కడ అది ధ్రువణంలో దాగి ఉంది: ప్రతి పుంజానికీ ఉన్న ఆరుగురు పొరుగువారిలో ఇద్దరు అదే పౌనఃపున్యాన్ని ఎదురు ధ్రువణంలో వాడుతుంటారు. వారికీ మనకూ మధ్య ఉన్నది 7.2లో చెప్పిన, వానకు పల్చబడే గోడ ఒక్కటే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక ఉపగ్రహానికి 600 మెగాహెర్ట్జ్ పట్టీ ఉంది. నాలుగు రంగుల పథకంలో 24 పుంజాలు నడుపుతోంది. ఒక్కో పుంజానికి ఎంత పట్టీ? పునర్వినియోగ గుణకం ఎంత? (జవాబు: 300 మెగాహెర్ట్జ్, మొత్తం 7,200 మెగాహెర్ట్జ్, గుణకం 12.)

7.5 జోక్యం: పునర్వినియోగానికి చెల్లించే ధర

ఏ ఆంటెన్నా పుంజమూ కత్తితో కోసినట్టు అంచు దగ్గర ఆగిపోదు. ముఖ్య పుంజానికి ఇరుపక్కలా చిన్నచిన్న పార్శ్వ పుంజాలు ఉంటాయి. అవి వెళ్ళి అదే రంగు గల దూరపు పుంజంలో పడతాయి. ఇలా ఇతర పుంజాల నుంచి వచ్చి పడే అవాంఛిత సంకేతాన్ని ఇక్కడ జోక్యం అంటాం. (కాంతిశాస్త్రంలో దీనికి సాటియైన పదంగా వ్యతికరణం అని చదివారు. అక్కడ రెండు తరంగాలు కలిసి పట్టీల నమూనా ఏర్పడుతుంది. ఇక్కడ వేరొకరి సమాచారం మన సమాచారంపై మసకలా పరచుకుంటుంది. అందుకే వేరే మాట వాడుతున్నాం.)

లెక్క చేద్దాం. ఒక పుంజం చుట్టూ అదే రంగు గల సమీప పుంజాలు ఆరు. ఒక్కో దాని పార్శ్వ పుంజం మన చోట 25 డెసిబెల్‌లు తక్కువ స్థాయిలో పడుతోందనుకుందాం. విడిగా చూస్తే ఒక్కోటి ముఖ్య పుంజం గరిష్ఠ స్థాయిలో సుమారు 0.0032 వంతు. ఆరూ కలిస్తే 0.019, అంటే గరిష్ఠ స్థాయికి 17.2 డెసిబెల్‌ల దిగువన. పుంజం అంచున ఉన్న వాడుకరికి అసలు సంకేతమే 3 డెసిబెల్‌లు తక్కువగా అందుతుంది. కాబట్టి అతనికి సంకేతానికీ జోక్యానికీ మధ్య తేడా 17.2 − 3 = 14.2 డెసిబెల్‌లు. నిష్పత్తిగా చెబితే 26.5.

జోక్యంతో పాటు రిసీవరు నుంచి వచ్చే ఉష్ణ నాయిస్ కూడా ఉంది. సంకేతానికీ నాయిస్‌కూ మధ్య నిష్పత్తి కూడా 26.5 అనుకుందాం. నాయిస్, జోక్యం కలుస్తాయి కాబట్టి మొత్తం నిష్పత్తి సగమై 13.2 అవుతుంది; అంటే 11.2 డెసిబెల్‌లు. షానన్ సూత్రం ప్రకారం, ఈ నిష్పత్తికి ఒకటి కలిపి, రెండు ఆధారంగా లాగరిథమ్ తీస్తే, ఒక హెర్ట్జ్‌కు సెకనుకు గరిష్ఠంగా 3.83 బిట్లు పంపవచ్చు. నిజమైన మోడెములు ఇంతకంటే తక్కువే ఇస్తాయి గాని, పోలికకు ఇది చాలు.

ఇప్పుడు ఒక ఇంజనీరు, 'అంచున ఉన్నవారికి సేవ బాగా లేదు, అన్ని పుంజాల శక్తినీ రెట్టింపు చేద్దాం' అన్నాడనుకోండి. సంకేతం–నాయిస్ నిష్పత్తి 26.5 నుంచి 53 అవుతుంది. కాని పక్క పుంజాల శక్తి కూడా రెట్టింపయింది కాబట్టి సంకేతం–జోక్యం నిష్పత్తి 26.5 దగ్గరే నిలిచిపోతుంది. రెండూ కలిపితే 17.7. షానన్ సూత్రం ఇచ్చేది 4.22 బిట్లు. శక్తి రెట్టింపు చేస్తే ఫలితం పది శాతం పెరిగింది! శక్తిని ఇంకెంత పెంచినా నిష్పత్తి 26.5ను దాటదు. పక్కింటివారి టీవీ చప్పుడుకు మనం మన టీవీ చప్పుడు పెంచితే, వారూ పెంచుతారు. ఆ పోటీలో ఎవరికీ మాట స్పష్టంగా వినబడదు.

అదే ఇంజనీరు మరో దారి చూశాడనుకోండి. మొత్తం శక్తి అలాగే ఉంచి, పరావర్తకం వ్యాసాన్ని దాదాపు 1.4 రెట్లు చేసి, పుంజాల సంఖ్యను రెట్టింపు చేశాడు. ఒక్కో పుంజానికి దక్కే శక్తి సగమైంది. కాని 7.3లో చూసినట్టు, పుంజం కప్పే వైశాల్యమూ సగమే కాబట్టి గెయిన్ రెట్టింపు. నేల మీద అందే సంకేతం మారలేదు, నిష్పత్తులూ మారలేదు. ఒక్కో పుంజానికి పట్టీ మునుపటిలాగే 250 మెగాహెర్ట్జ్. పుంజాలు మాత్రం రెట్టింపు. మొత్తం సామర్థ్యం పది శాతం కాదు, నూరు శాతం పెరిగింది. గత మూడు దశాబ్దాలలో ఉపగ్రహ రూపకర్తలు ఎక్కువ వాట్ల వెంట కాక, ఎక్కువ పుంజాల వెంట ఎందుకు పడ్డారో ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పరీక్షకు ఈ భాగంలో ఏదైనా ఒక్కటే చదువుతానంటే, ఇది చదవండి.

మరి రంగులు పూర్తిగా మానేసి, ప్రతి పుంజానికీ మొత్తం పట్టీ ఇచ్చేస్తే? పుంజం నడిమధ్యన ఉన్నవారికి బాగానే ఉంటుంది. మూడు పుంజాలు కలిసే మూలన ఉన్న ఇంటికి మాత్రం మూడు సంకేతాలూ సమాన బలంతో అందుతాయి: తనది ఒకటి, పరాయివి రెండు. జోక్యం సంకేతానికి రెట్టింపు. సాధారణ రిసీవరు దాన్ని విప్పలేదు. ఏ జోక్యం ఎంత వస్తుందో ముందే లెక్కించి, దాన్ని రద్దుచేసేలా సంకేతాలను భూమి మీదే మలిచి పంపే పద్ధతులపై పరిశోధన సాగుతోంది.

7.6 పళ్ళేలు నాలుగు ఎందుకు?

2010 డిసెంబరులో ప్రయోగించిన యూటెల్‌శాట్ సంస్థ కేఏ-శాట్, ఐరోపా, మధ్యధరా ప్రాంతాలపై 82 పుంజాలతో, సెకనుకు 70 గిగాబిట్ల మొత్తం సామర్థ్యంతో రూపొందింది. దాని చిత్రం చూస్తే ఇరువైపులా విచ్చుకున్న నాలుగు పెద్ద పరావర్తకాలు కనబడతాయి. ఈ నాలుగుకూ నాలుగు రంగులకూ సంబంధం ఉంది.

ఒక పరావర్తకం ముందు ఒక ఫీడ్ హార్న్ పెడితే ఒక పుంజం వస్తుంది. హార్న్‌ను కొంచెం పక్కకు జరిపితే పుంజం కొంచెం పక్కకు జరుగుతుంది. పక్కపక్క పుంజాలన్నీ ఒకే పరావర్తకం నుంచి రావాలంటే హార్న్‌లను ఆనించి ఇరికించాలి. అప్పుడు ఒక్కో హార్న్ మూతి చిన్నదైపోతుంది. చిన్న మూతి హార్న్ తన శక్తిని వెడల్పుగా చల్లుతుంది. అందులో చాలా భాగం పరావర్తకం అంచు దాటి వృథాగా పోతుంది, పార్శ్వ పుంజాలు పెరుగుతాయి. దీనికి ఉపాయం: ఒక్కో పరావర్తకానికి ఒక్కో రంగు పుంజాలనే అప్పగించడం. ఒకే రంగు పుంజాలు రెండడుగుల ఎడంలో ఉంటాయి కాబట్టి హార్న్‌లకు రెట్టింపు చోటు దొరుకుతుంది. నాలుగు పరావర్తకాల పుంజాలూ నేల మీద పడి ఒకదాని సందుల్లో ఒకటి అమరుతాయి. నాట్లు వేసేవారు ఒకరి వరుసల మధ్య మరొకరు మొక్క నాటుకుంటూ వచ్చినట్టు, చివరికి పొలమంతా నిండుతుంది.

అయితే ఆ నాలుగూ ఒకదానితో ఒకటి సరిగ్గా కుదరాలి. పుంజం 0.42 డిగ్రీలదైతే అంచు కేంద్రం నుంచి 0.21 డిగ్రీల దూరంలో ఉంటుంది, అక్కడ నష్టం 3 డెసిబెల్‌లు. పరావర్తకం 0.05 డిగ్రీలు పక్కకు తొణికితే అంచున ఉన్న ఇల్లు ఇప్పుడు 0.26 డిగ్రీల దూరంలో ఉన్నట్టు. అక్కడ నష్టం సుమారు 4.6 డెసిబెల్‌లు. విశాలమైన పుంజంలో ఎవరూ గమనించని ఈ చిన్న కదలిక ఇక్కడ సంకేతంలో దాదాపు మూడో వంతును తినేస్తుంది. ఎండ పడిన వైపు వేడెక్కి, నీడ వైపు చల్లబడి పరావర్తకం వంగినా ఇదే జరుగుతుంది.

7.7 హబ్ వైపు లెక్క

మన ఊహా ఉపగ్రహం 40 పుంజాల ద్వారా 10,000 మెగాహెర్ట్జ్ విలువైన సమాచారాన్ని కిందికి పంపుతోంది. ఆ సమాచారం ఉపగ్రహంలో పుట్టలేదు. ఇంటర్నెట్‌కు అనుసంధానమైన భూకేంద్రాల నుంచి పైకి వెళ్ళాలి. వీటిని హబ్‌లు అంటారు. ఒక హబ్‌కు 1,000 మెగాహెర్ట్జ్ పట్టీ ఉండి రెండు ధ్రువణాలూ వాడుకుంటే 2,000 మెగాహెర్ట్జ్ పంపగలదు. కాబట్టి ఐదు హబ్‌లు కావాలి. ఆ ఐదూ అదే 1,000 మెగాహెర్ట్జ్‌ను వాడుకుంటాయి కనుక ఐదింటినీ ఒకే ఆవరణలో కట్టడం కుదరదు. ఒక్కోటి ఒక్కో హబ్ పుంజంలో, దూరదూరంగా ఉండాలి. వాడుకరుల వైపు పునర్వినియోగం చేస్తే హబ్‌ల వైపు కూడా పునర్వినియోగం చేయక తప్పదు. పాఠ్యపుస్తకాలు తరచు దాటవేసే సంగతి ఇది.

ఇస్రో జీశాట్-11లో దీన్ని చూడవచ్చు. 5,854 కిలోల ఈ ఉపగ్రహాన్ని 2018 డిసెంబరు 5న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియన్-5 రాకెట్టు తీసుకువెళ్ళింది. అందులో వాడుకరులకు కేయూ-బ్యాండులో 32 పుంజాలు, హబ్‌లకు కేఏ-బ్యాండులో 8 పుంజాలు ఉన్నాయి. సగటున ఒక హబ్ పుంజానికి నాలుగు వాడుకరి పుంజాలు. ఒక హబ్ ఉన్నచోట కుండపోతగా వాన కురిసి దాని లింకు తెగితే, ఆ హబ్ మీద ఆధారపడిన పుంజాలన్నీ మూగబోతాయి, వాడుకరుల నెత్తిన ఎండ కాస్తున్నా సరే. అందుకే హబ్‌ల చోట్లను వాన లెక్కలు చూసి ఎంచుకుంటారు, ఒకటి మూగబోతే దాని పని అందుకోవడానికి మరో చోట ఇంకొక కేంద్రాన్ని సిద్ధంగా ఉంచుకుంటారు.

7.8 ఏ చోటికి ఎన్ని పుంజాలు?

ఇంతవరకు అన్ని పుంజాలూ సమానమని అనుకున్నాం. జనం మాత్రం సమానంగా పరచుకుని ఉండరు. ఒక పుంజం కింద మహానగరం ఉంటుంది. పక్క పుంజం కింద అడవి, కొండలు, నాలుగు తండాలు. ఇద్దరికీ చెరి 250 మెగాహెర్ట్జ్. నగరం పుంజం సాయంత్రానికి కిక్కిరిసిపోతుంది, అడవి మీది పుంజం ఖాళీగా ఉంటుంది. ఇక్కడ మిగిలినది అక్కడికి పంపే వీలు స్థిర పుంజాల ఉపగ్రహంలో లేదు. హార్న్‌లు బిగించిన రోజే పంపకం అయిపోయింది; ఆ పంపకంతోనే ఉపగ్రహం పద్నాలుగు పదిహేనేళ్ళు బతకాలి.

కాబట్టి పుంజాల పటం గీయడమంటే ఎవరికి ఎంత అన్నది నిర్ణయించడమే. 2024 నవంబరు 19న ఫాల్కన్-9 రాకెట్టుపై వెళ్ళిన జీశాట్-ఎన్2 (దీన్నే జీశాట్-20 అనేవారు) చూడండి. కేఏ-బ్యాండులో పనిచేసే ఈ ఉపగ్రహం సామర్థ్యం సెకనుకు సుమారు 48 గిగాబిట్లు. దాని 32 వాడుకరి పుంజాలలో 8 సన్నని పుంజాలు ఒక్క ఈశాన్య భారతంపై ఉన్నాయి. మిగతా దేశానికి 24 విశాలమైన పుంజాలు. దేశ వైశాల్యంలో ఈశాన్యానిది దాదాపు 8 శాతం, 2011 జనాభా లెక్కల ప్రకారం జనంలో 4 శాతం లోపు. పుంజాల సంఖ్యలో మాత్రం నాలుగో వంతు. వ్యాపార లెక్క ఒక్కటే చూసేవారు ఇలా గీయరు. కాని ఫైబరు తీగ సులభంగా చేరే మైదానపు నగరానికి ఉపగ్రహం ఒక అదనపు సౌకర్యం. కొండచరియలు విరిగిపడి తీగలు తెగే చోట అదే ఆధారం. ఈ పంపకం సరైనదేనని నా అభిప్రాయం. మీరు విభేదించవచ్చు, అయితే అంకెలతో విభేదించండి.

పంపకాన్ని పైన కూడా మార్చుకోగలిగే దారులు వచ్చాయి. ఒకే ట్రాన్స్‌మిటరు పుంజాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి సెకనులో అతి చిన్న వంతులపాటు గెంతిస్తూ, రద్దీ ఉన్న చోట ఎక్కువసేపు, లేనిచోట తక్కువసేపు నిలపడం ఒక దారి. కాలువ నీటిని వంతులవారీగా పొలాలకు వదిలినట్టే ఇదీ. 1993 సెప్టెంబరులో నాసా పంపిన ఏక్ట్స్ అనే ప్రయోగాత్మక ఉపగ్రహం గెంతే పుంజాలను కేఏ-బ్యాండులో నడిపి చూపింది. ఇంకో దారి, హార్న్‌లకు బదులు అనేక చిన్న మూలకాల ఆంటెన్నా పెట్టి, వాటి దశలను మార్చి పుంజాన్నే కోరిన చోటికి తిప్పడం. 2021 జులైలో వెళ్ళిన యూటెల్‌శాట్ క్వాంటమ్ పుంజాల ఆకారాన్ని, దిశను కక్ష్యలో ఉండగానే మార్చుకోగలదు. ఈ మూలకాల అమరికను తరువాతి భాగంలో వివరంగా చదువుతారు.

అభ్యాసాలు

1. 12 గిగాహెర్ట్జ్ దగ్గర (తరంగదైర్ఘ్యం 2.5 సెం.మీ.) 2.5 మీటర్ల పరావర్తకం ఇచ్చే పుంజం వెడల్పు ఎన్ని డిగ్రీలు? ఉపగ్రహానికి నేరుగా కింద అది ఎన్ని కిలోమీటర్లు? (జవాబు: 0.7 డిగ్రీలు, దాదాపు 437 కి.మీ.)

2. 7.5లోని లెక్కలో ఒక్కో పార్శ్వ పుంజం స్థాయి 25 బదులు 30 డెసిబెల్‌లు తక్కువ అయితే, అంచున ఉన్న వాడుకరికి సంకేతం–జోక్యం తేడా ఎంత? (జవాబు: 19.2 డెసిబెల్‌లు.) ఈ మార్పు తరువాత శక్తి రెట్టింపు చేస్తే వచ్చే లాభం మునుపటికంటే ఎక్కువా, తక్కువా? కారణం రాయండి.

3. ఒకే ధ్రువణంతో ఏడు రంగుల పథకం వాడితే 500 మెగాహెర్ట్జ్‌లో ఒక్కో పుంజానికి ఎంత వస్తుంది? జోక్యం తగ్గినా ఈ పథకాన్ని బహుళ పుంజాల ఉపగ్రహాలలో సాధారణంగా ఎందుకు ఎంచుకోరు?

4. మీ జిల్లాను కేఏ-బ్యాండు ఉపగ్రహం 260 కి.మీ. పుంజాలతో కప్పుతోందనుకుని, రాష్ట్ర పటంపై వలయాలు గీసి నాలుగు రంగులు వేయండి. మీ ఊరు పుంజం మధ్యన పడిందా, మూడు పుంజాలు కలిసే మూలన పడిందా? మూలన పడితే వానాకాలంలో మీకు ఎదురయ్యే ఇబ్బందులను వివరించండి.